అల్జీమర్స్‌కి అమైలాయిడ్‌ను కడిగే ఇంజెక్షనా, పాత మాత్రలా: ఏది మేలు?

మా అమ్మకి 74 ఏళ్లు. రెండేళ్ల క్రితం ఒక సాయంత్రం కూరగాయలకని వెళ్లి, నలభై ఏళ్లుగా తిరిగిన బ్రాడీపేట నాలుగో లైన్లోనే ఇల్లు ఎటో తెలియక సంచి పట్టుకుని నిలబడిపోయింది. మొదట చూపించిన చోట వయసు మీద పడితే అంతేలే అని పంపేశారు, ఏడాది అలాగే పోయింది, ఆ ఏడాది గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది. తర్వాత కొత్తపేటలో ఒక న్యూరాలజిస్టు అల్జీమర్స్ అని తేల్చి డోనెపెజిల్ అనే మాత్ర మొదలుపెట్టారు. డాలస్‌లో ఉన్న అన్నయ్యేమో "ఇంకా ఆ పాత మాత్రలేంట్రా, అమైలాయిడ్‌ని కడిగేసే ఇంజెక్షన్ ఇక్కడ ఇస్తున్నారు, అమ్మని తీసుకొచ్చెయ్" అని వారం వారం ఫోన్. అందుకే రెండు నెలలు కూర్చుని చదివాను, డాక్టర్లని అడిగాను. మన గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఇదే టెన్షన్ పడుతున్నవాళ్లు చాలామందే ఉంటారని రాస్తున్నా.

ముందు ఈ అమైలాయిడ్ సంగతి. మెదడు కణాల పొరలో ఏపీపీ అని ఒక పెద్ద ప్రొటీన్ ఉంటుంది. దాన్ని బీటా సిక్రటేజ్, గామా సిక్రటేజ్ అనే రెండు ఎంజైములు రెండు చోట్ల కోస్తే మధ్యలోంచి ఊడిపడే చిన్న ముక్కే బీటా అమైలాయిడ్ పెప్టైడ్. ఇది రోగం కాదు, మీ మెదడులో, నా మెదడులో కూడా రోజూ తయారవుతుంది, రోజూ పోతుంది. ఆ ముక్కల్లో ఎక్కువ వాటికి 40 అమైనో ఆమ్లాలుంటాయి, కొన్నిటికి 42. ఆ చివరి రెండూ ఉన్నవాటికే జిగురు ఎక్కువ, ఒకదానికొకటి అతుక్కుని చిన్న గుంపులై, పోగులై, చివరికి కణాల బయట ప్లాక్‌లుగా గట్టిపడతాయి. ఇది మతిమరుపు కనపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ల ముందే మొదలవుతుంది. అంటే మా అమ్మ నాలుగో లైన్లో దారి తప్పిన రోజుకి లోపల కథ సగం పైనే నడిచిపోయింది.

1906లో అలోయిస్ అల్జీమర్ ఒక చనిపోయిన పేషెంటు మెదడుని మైక్రోస్కోపు కింద చూసినప్పుడు ఈ ప్లాక్‌లతో పాటు కణాల లోపల చిక్కుపడ్డ దారాల్లాంటివి కూడా కనపడ్డాయి. అవి టౌ అనే ఇంకో ప్రొటీన్‌వి. అసలు దోషి ఎవరు, అమైలాయిడా, టౌనా అన్న తగువు అక్కడిది.

నా మటుకు నాకు జన్యువుల సాక్ష్యమే గట్టిదనిపించింది. ఏపీపీ జన్యువు 21వ క్రోమోజోము మీద ఉంటుంది, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ఆ క్రోమోజోము మూడు కాపీలు, వాళ్లలో చాలామందికి చిన్న వయసులోనే అల్జీమర్స్ వస్తుంది. దీనికి అటువైపు 2012లో ఐస్‌లాండ్ వాళ్లలో అదే ఏపీపీ జన్యువులో ఒక అరుదైన మార్పు దొరికింది, అది ఉన్నవాళ్లకి ఆ కోత తగ్గి అమైలాయిడ్ తక్కువ తయారవుతుంది, రోగం వచ్చే అవకాశమూ తక్కువ. పెరిగితే రోగం, తగ్గితే రక్షణ, ఇంతకన్నా ఏం కావాలి? 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అమైలాయిడ్ పేపరును బొమ్మలు మార్చారని 2024లో వెనక్కి తీసుకున్నారు, అది పట్టుకుని మొత్తం సిద్ధాంతమే దొంగదని ఫార్వర్డులు తిరిగాయి. ఆ పేపరు అమైలాయిడ్ ముక్కల్లో ఒక్క రకం గుంపు గురించి మాత్రమే, జన్యువుల సాక్ష్యానికి దానితో పనిలేదు.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. మతిమరుపు ఎంత ముదిరిందో చెప్పేది ప్లాక్‌ల లెక్క కాదు, టౌ ఎంత పాకిందన్నది. ప్లాక్‌లు నిండా ఉండి కూడా మామూలుగా బతికేసే పెద్దవాళ్లు ఉన్నారు. మాది మిర్చి పండించే కుటుంబం కాబట్టి నాకు ఇలా అర్థమైంది: తెల్లదోమ వాలితే జెమిని వైరస్ మొక్కలోకి వస్తుంది, తొలి రోజుల్లోనే దోమని కట్టడి చేస్తే తోట దక్కుతుంది, ఆకులు ముడుచుకుపోయాక ఎన్ని మందులు కొట్టినా దోమ చస్తుంది గానీ ఆ ముడత విప్పుకోదు. అమైలాయిడ్ ఆ దోమ లాంటిది, టౌ లోపలికి పోయిన వైరస్ లాంటిది.

ఇప్పుడు ఇంజెక్షన్లు. లెకానెమాబ్‌కి అమెరికాలో 2023 జూలైలో పూర్తి అనుమతి వచ్చింది, డోనానెమాబ్‌కి 2024 జూలైలో. రెండూ యాంటీబాడీలే, అమైలాయిడ్‌ని నిజంగానే బాగా తీసేస్తాయి, అందులో సందేహం లేదు. లెకానెమాబ్‌ని 1,795 మంది మీద 18 నెలలు పరీక్షిస్తే, మందు లేని డమ్మీ ఎక్కించుకున్నవాళ్లతో పోలిస్తే క్షీణత 27 శాతం నెమ్మదించింది. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ రోగం ఎంత ముదిరిందో కొలిచే 18 పాయింట్ల కొలబద్ద మీద ఆ తేడా 0.45 పాయింటు. రోగం ఆగదు, పోయిన జ్ఞాపకం రాదు, జారడం కాస్త నెమ్మదిస్తుంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది డోనానెమాబ్ లెక్క: టౌ తక్కువగా, మధ్యస్థంగా ఉన్నవాళ్లలో 35 శాతం నెమ్మదించింది, టౌ ఎక్కువున్నవాళ్లని కూడా కలిపేసరికి 22కి పడిపోయింది. మిర్చి తోట లెక్క అక్కడ అంకెల్లో కనపడింది నాకు.

ప్రమాదం కూడా చిన్నది కాదు. లెకానెమాబ్ తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి స్కాన్‌లో మెదడు వాపు కనపడింది, ఎక్కువమందికి లక్షణాలేమీ లేవు గానీ కొందరికి మెదడులో రక్తస్రావమూ అవుతుంది. అల్జీమర్స్ ముప్పుని పెంచే అపోఈ4 అనే జన్యువు రెండు కాపీలున్నవాళ్లకి వాపు ముప్పు దాదాపు మూడింట ఒక వంతు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. లెకానెమాబ్ మొదట్లో రెండు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కించాలి, మాటిమాటికీ ఎంఆర్ఐ తీయాలి. డోనానెమాబ్ నెలకోసారి, అమైలాయిడ్ పోయాక ఆపేయొచ్చు, అది మెచ్చుకోవాల్సిన విషయమే. లెకానెమాబ్ ఖర్చు అక్కడ మొదట పెట్టిన ధర ప్రకారం ఏడాదికి 26,500 డాలర్లు, మన లెక్కలో ఇరవై లక్షలు దాటుతుంది, స్కాన్లు వేరే.

పాత మాత్రల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. డోనెపెజిల్ 1996 నుంచి ఉంది, జ్ఞాపకానికి కావాల్సిన ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనం తొందరగా విరిగిపోకుండా చూస్తుంది, మెమాంటిన్ అనే ఇంకో మాత్ర గ్లూటమేట్ అనే మరో మెదడు రసాయనం పోటుని తగ్గిస్తుంది. రెండూ అమైలాయిడ్‌ని ముట్టుకోవు, రోగం దారి మార్చవు, కొన్నాళ్లు మెదడు పనికి ఊతం ఇస్తాయి, అంతే. డోనెపెజిల్‌తో వికారం, విరేచనాలు రావొచ్చు, గుండె వేగం తగ్గొచ్చు, అందుకే మా డాక్టరు ముందు ఈసీజీ తీయించారు. బీ12, థైరాయిడ్ కూడా అప్పుడే చూశారు, ఎందుకంటే అవి తగ్గినా మతిమరుపు వస్తుంది, వాటికి వైద్యం ఉంది. ఎవరింట్లో అయినా ఇది మొదటి పని కావాలి.

మరి ఏది మేలు? ఇంకా తొలి దశే, బ్యాంకు పని, వంట తానే చేసుకుంటున్నారు, అమైలాయిడ్ ఉందని పెట్ స్కాన్‌లోనో వెన్ను నీటిలోనో తేలింది, అపోఈ4 పరీక్ష అయింది, వాపు వస్తే వెంటనే పట్టుకునే ఆసుపత్రి దగ్గర్లో ఉంది, డబ్బుకి ఇల్లు అమ్మక్కర్లేదు అంటే నేను ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. అది మా అమ్మ కాదు. అమ్మ ఇప్పుడు చీర కట్టుకోవడానికి మనిషి సాయం కావాలి, నాన్న పోయి ఎనిమిదేళ్లయినా మార్కెట్ యార్డు నుంచి ఇంకా రాలేదేంటని అడుగుతుంది. ఆ మందులు పరీక్షించింది తొలి దశ వాళ్ల మీద, ఈ దశ వాళ్ల మీద కాదు. పైగా ఆమెకి గుండెకి స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందులున్నాయి. తెలిసిన ఇంట్లోనే తికమకపడే మనిషిని తెలియని దేశంలో రెండు వారాలకోసారి మంచం మీద పడుకోబెట్టడం నాకు న్యాయం అనిపించలేదు.

అమ్మకి డోనెపెజిల్ కొనసాగుతోంది, మెమాంటిన్ కలిపారు, బీపీ, షుగర్ అదుపులో పెట్టాం. ఇంకొకటి చేశాం, చెవి మిషన్ పెట్టించాం. మధ్యవయసు నుంచి వచ్చే వినికిడి లోపం డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు రోగాలు) ముప్పుల్లో ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో కూడా చెప్పింది. అమ్మ వయసులో అది రోగాన్ని తిప్పుతుందని నేను అనుకోవడం లేదు గానీ, మిషన్ పెట్టాక మళ్లీ మాటకి మాట కలుపుతోంది, మనవరాలు చెప్పే స్కూలు కబుర్లకి నవ్వుతోంది.

ఆదివారం అన్నయ్యకి ఇదంతా ఫోన్లో చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, మరి మనిద్దరి సంగతేంట్రా అన్నాడు. వాడికి 52, నాకు 49, అమైలాయిడ్ పేరుకోవడం మొదలయ్యే వయసే మాది. వాడు అక్కడ, నేను ఇక్కడ ఈ వారమే బీపీ, కొలెస్ట్రాల్ చూపించుకుంటున్నాం. సంక్రాంతికి వచ్చేటప్పుడు చెవి మిషన్‌కి బ్యాటరీలు ఓ నాలుగు పెట్టెలు తెమ్మన్నాను.