చేపల తొట్టి స్టాండు: పాత టేకా, ప్లైవుడ్డా?

4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న తొట్టి నిండితే సుమారు 255 లీటర్ల నీళ్లు. గాజు, గులకరాళ్లు కలిపితే 300 కిలోలు దాటుతుంది. విజయవాడలో మా హాల్లో ఇంత బరువు దేని మీద పెట్టాలా అని నేనూ మా బావా రెండు ఆదివారాలు వాదించుకున్నాం.

బావది ప్లైవుడ్ పార్టీ. పలకలు కోయించి తెచ్చుకుంటే ఒక్క పూటలో పెట్టె తయారు. లోపల ఫిల్టరు, మేత డబ్బా దాచుకోవచ్చు. నిజమే. కానీ ఐఎస్ 710 ముద్ర (నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ గుర్తు) ఉన్న 18 ఎంఎం బోర్డే కావాలి. మామూలు ఎంఆర్ రకం (కాస్త తేమకు మాత్రమే ఆగేది) తడికి ఉబ్బుతుంది. నీళ్లు మార్చినప్పుడల్లా పైపు చివర నుంచి నాలుగు చుక్కలు పలక కోసిన అంచు మీదే సరిగ్గా పడతాయి. నా మొదటి స్టాండుకి అక్కడే పొరలు తడిసిన పుస్తకంలా విచ్చుకున్నాయి. అంచులకు రంగు వేయకపోవడం నా బద్ధకమే, అది వేరే సంగతి.

నేను టేకు వైపు. కూల్చిన పాతిళ్ల ద్వారబంధాలు దొరికితే వదలొద్దు: ఏళ్ల తరబడి ఆరిన కర్ర, పెద్దగా వంగదు. మేకులు పీకి చిత్రిక పట్టేసరికి నడుం పడిపోతుంది. కాలి తలలో గాడి కొట్టి అడ్డకర్రను అందులో కూర్చోబెట్టాలి. బరువు కర్ర మీద నుంచి కర్ర మీదకే దిగాలి, స్క్రూల మీద వేలాడకూడదు. ప్లైవుడ్ పెట్టెకైనా అంతే, పై పలక నిలువు పలకల మీద కూర్చోవాలి.

ఇప్పుడు మా హాల్లో ఉన్నది టేకు కాళ్లదే. తలుపులు మాత్రం బావ ప్లైవుడ్‌తో బిగించాడు.