"20 బార్ల ఆవిరి" అన్న ప్రకటన చూసి లాటే యంత్రం కొనబోయేవారికి హెచ్చరిక

ఇంట్లోనే పాలు నురగ తెప్పించి, కప్పులో ఆకు బొమ్మో గుండె బొమ్మో పోసుకోవాలన్న ఉత్సాహంతో పది వేల రూపాయల లోపు కాఫీ యంత్రం కోసం వెతుకుతున్న మన గోదావరి జిల్లాల వారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. మాది పాలకొల్లు. సంక్రాంతి తరువాత ఆన్‌లైన్‌లో 9,499 రూపాయలు పెట్టి ఒక యంత్రం తెప్పించుకున్నాను. ప్రకటనలో నిండు కప్పు మీద అందమైన ఆకు బొమ్మ ఫోటో, దాని పక్కన "20 బార్ల శక్తిమంతమైన ఆవిరి, లాటే ఆర్ట్‌కు అనువైనది" అన్న మాటలు ఉన్నాయి. బార్ అంటే ఒత్తిడిని కొలిచే ప్రమాణం, లాటే ఆర్ట్ అంటే నురగ పాలతో కాఫీ మీద బొమ్మ పోయడం. ఆ మాటలు నమ్మి డబ్బుతో పాటు రెండు నెలల కాలం పోగొట్టుకున్నాను. అంతకన్నా బాధ ఏమిటంటే, ఏ పాపమూ ఎరుగని ఒక మనిషిని నొప్పించాను.

యంత్రం వచ్చిన మొదటి రోజు నుంచే పాల మీద సబ్బు నురగ లాంటి పెద్ద పెద్ద బుడగలు లేచేవి. జగ్గు వంచితే కింద నుంచి పల్చటి పాలు జారిపోయేవి, చివరికి నురగ ముద్దగా డికాక్షన్ మీద పడేది. బొమ్మ మాట అటుంచి, తెల్లటి చుక్క కూడా నిలిచేది కాదు. నాలుగో రోజున అమ్మకందారుకు ఫోన్ చేస్తే, "మీరు గేదె పాలు వాడుతున్నారు కదా మేడమ్, అవి మరీ చిక్కన, నురగ రాదు, ప్యాకెట్ పాలతో వారం రోజులు చూడండి" అన్నారు. వారం చూశాను, ఫలితం మారలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి మా నీటిలో ఉప్పు ఎక్కువన్నారు. ఆర్.ఓ. నీటితోనూ ప్రయత్నించి మూడోసారి ఫోన్ చేసేసరికి, వాపసు గడువు పది రోజులే కాబట్టి ఇక తామేమీ చేయలేమన్నారు. ఈ వరుసను గమనించండి. వారు చెప్పిన ప్రతి కారణమూ నా చేత మరికొన్ని రోజులు గడిపించడానికే పనికివచ్చింది. తీరప్రాంతపు బోరు నీటితో యంత్రంలో తెట్టు కట్టే మాట నిజమే, నిమ్మ ఉప్పుతో అప్పుడప్పుడు శుభ్రం చేసుకోవలసిందే; కాని ఆ తెట్టు పేరుకోవడానికి నెలలు పడుతుంది, నాలుగు రోజులలో ఆవిరి దారి మూసుకుపోదు.

పాల మీద అనుమానం మాత్రం నా మనసులో నాటుకుపోయింది. మా ఇంట్లో ఏళ్ల తరబడి పాలు పోస్తున్న పెద్దమ్మను ఒక ఉదయం, పాలలో ఏమైనా కలుపుతున్నావా అని అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు. చెంబు కింద పెట్టి, "మీ పిల్లలు తాగి పెరిగిన పాలమ్మా ఇవి" అన్నది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు.

నిజం రాజమహేంద్రవరంలో తెలిసింది. మా అక్క కూతురు ఇంట్లో పాతదే అయినా నాణ్యమైన యంత్రం ఉంది. అవే గేదె పాలను కాచి, చల్లార్చి, మీగడ తీసి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఐస్ డబ్బాలో పెట్టుకుని సిద్ధాంతం, రావులపాలెం ఊళ్ళ మీదుగా తీసుకువెళ్ళాను. ఆ అమ్మాయి ఆవిరి గొట్టం కొనను పాల ఉపరితలానికి తగిలీ తగలనట్లు ఉంచి కొద్ది క్షణాలు మాత్రమే గాలి పట్టనిచ్చింది. తరువాత కొనను కాస్త లోపలికి దించి, జగ్గును ఒక పక్కకు వంచేసరికి పాలు గిరగిరా సుడి తిరిగాయి. ఆ సుడిలోనే పెద్ద బుడగలు విరిగి, కంటికి కనిపించనంత చిన్నవై పాలలో కలిసిపోయాయి. జగ్గు మీద చెయ్యి నిలపలేనంత వేడి, అంటే దాదాపు 60 డిగ్రీలు, రాగానే ఆవిరి కట్టేసింది. పాలు మెరుస్తూ, చిక్కటి గంజిలా జారుతున్నాయి. మొదట కాస్త ఎత్తు నుంచి సన్నని ధారగా పోసి డికాక్షన్‌లో కలిపి, కప్పు సగం నిండాక జగ్గు మూతిని ఉపరితలానికి ఆనించినంత దగ్గరగా తెచ్చి, చేతిని మెల్లగా అటూ ఇటూ ఊపి, చివర జగ్గును పైకెత్తి మధ్యలోంచి గీత లాగినట్లు పోసేసరికి ఆకు విరిసింది. పాలు మా పాలకొల్లు గేదె పాలే.

అప్పుడు నా యంత్రంలో లోపం ఎక్కడుందో కూర్చుని వెతికాను. బుడగ చుట్టూ పొరగా ఏర్పడి దానిని నిలబెట్టేది పాలలోని ప్రోటీను. గేదె పాలలో అది ఆవు పాలలో కన్నా తక్కువేమీ కాదు. మీగడ తీయకపోయినా, ఎండలో ఎక్కువసేపు ఉంచి కాచినా నురగ దెబ్బతినవచ్చు. 70 డిగ్రీలు దాటితే నురగ కూలి, మాడు రుచి వస్తుంది. అంతకు మించి పాల తప్పు లేదు.

"20 బార్ల ఆవిరి" అన్నది పూర్తిగా తప్పుదోవ పట్టించే మాట. ఆ 20 బార్లు నీటిని కాఫీ పొడి గుండా నెట్టే పంపు గరిష్ఠ సామర్థ్యం. ఎస్ప్రెస్సో, అంటే ఒత్తిడితో దించే చిక్కటి డికాక్షన్, దిగడానికే 9 బార్ల ఒత్తిడి సరిపోతుంది. ఆవిరికి ఆ పంపుతో పోలిక లేదు. పెద్ద కాఫీ దుకాణాల యంత్రాలలో కూడా ఆవిరి ఒత్తిడి ఒకటి, ఒకటిన్నర బార్ల దగ్గరే ఉంటుంది. మన వంటింటి కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల ఉండేదీ సుమారుగా అంతే. ఇక నా యంత్రపు ఆవిరి గొట్టానికి ఒక ప్లాస్టిక్ తొడుగు ఉంది, దానికి పక్కన చిన్న రంధ్రం ఉంది. ఆవిరి వస్తున్నంతసేపూ ఆ రంధ్రం తనంతట తాను గాలిని పీల్చి పాలలోకి నెడుతూనే ఉంటుంది. గాలి ఆపి సుడి తిప్పే రెండో దశకు అవకాశమే లేదు. తొడుగు ఊడదీస్తే లోపల గొట్టం ఎంత పొట్టిదంటే అది పాలను అందుకోనే లేదు.

దీని కన్నా పెద్ద లోపం వంటింటి త్రాసు మీద బయటపడింది. ఆవిరి పాలలో చల్లారి నీరైపోతుంది కనుక ఎంత మంచి యంత్రమైనా పాల బరువు కొద్దిగా పెరుగుతుంది. లెక్క ప్రకారం ఫ్రిజ్‌లోంచి తీసిన 150 గ్రాముల పాలు 60 డిగ్రీలకు చేరేసరికి సుమారు 165 గ్రాములు కావాలి. మా అక్క కూతురి యంత్రంలో 167 వచ్చింది. నా దానిలో 191. అంటే ఆవిరితో పాటు వేడి నీరు కూడా పాలలోకి వస్తోంది. పైగా నా యంత్రానికి పట్టిన సమయం ఒక నిమిషం యాభై సెకన్లు. నేను ఇన్నాళ్ళూ చిక్కటి పాలు కొని, నీళ్ళు కలుపుకుని తాగాను.

మన వైపు వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది వోల్టేజీ. చేపల, రొయ్యల చెరువుల మీద నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిరిగే వేసవి సాయంత్రాలలో మా వీధిలో 180 వోల్టులు చూసిన రోజులున్నాయి. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదానిని) అనుసరించి తగ్గుతుంది కనుక 230 దగ్గర 1,050 వాట్లు ఇచ్చే యంత్రం 180 దగ్గర దాదాపు 640 వాట్లే ఇస్తుంది. అంచు మీద పనిచేసే చిన్న యంత్రాలు ఆ వేళ చతికిలబడతాయి. స్టెబిలైజర్ ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి.

పంపు లేకుండా ఆవిరి ఒత్తిడితోనే నీటిని నెట్టే ఇంకా చౌక రకం కొనేవారికి ఒక మాట: ఒత్తిడి పూర్తిగా దిగకముందు నీళ్ళ మూత తిప్పకండి, ముఖం కాలుతుంది. ఏ రకమైనా సరే, పాలు కాగాక గొట్టాన్ని తడి గుడ్డతో తుడిచి ఒకసారి ఆవిరి వదలండి. లేకపోతే చల్లబడేటప్పుడు గొట్టం పాలను లోపలికి పీల్చుకుని కుళ్ళబెడుతుంది.

వీలైతే దుకాణంలో నిలబడి, చల్లటి నీళ్ళలోకి ఆవిరి పెట్టించి, త్రాసు మీద తూచి చూసి కొనండి. నీళ్ళయినా పాలయినా ఈ పరీక్ష ఒకటే. ఆన్‌లైన్‌లోనే కొనవలసి వస్తే ఆవిరి గొట్టం ఫోటోను పెద్దది చేసి చూడండి. పక్క రంధ్రమున్న తొడుగు కనిపిస్తే లాటే ఆర్ట్ ఆశ వదులుకోండి. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం ఉండాలని 2011 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. నా పెట్టె మీద ఇవేవీ లేవు. ఆ మొదటి రోజే తిప్పి పంపవలసింది.

వాపసు గడువు దాటిందని చెప్పినంత మాత్రాన ఊరుకోకండి. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి అమ్మకందారు నిరాకరించరాదు. నేను మొదట జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేసి, రెండు జగ్గుల బరువుల ఫోటోలు, ప్రకటన నకలు జతపరిచి ఫిర్యాదు నమోదు చేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, రెండేళ్ళ వ్యవధి ఉంది, ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. ఈ సంగతి రాతపూర్వకంగా తెలియజేశాక, మూడు వారాలకు అమ్మకందారు యంత్రం తీసుకుపోయి 8,000 రూపాయలు వెనక్కి ఇచ్చారు. మిగిలిన సొమ్ము కోసం ఇంకా రాస్తున్నాను.

పెద్దమ్మకు జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను. ఆవిడ ఎప్పటి కొలతకు ఒక గరిటె ఎక్కువే పోసి వెళ్ళింది. ఈ ఉదయం మళ్ళీ ఆన్‌లైన్‌లో చూశాను. ఆ యంత్రం అదే ఆకు బొమ్మ ఫోటోతో, అవే "20 బార్ల ఆవిరి" మాటలతో ఇంకా అమ్మకానికి ఉంది.