ఎబోనైట్ పెన్ను, ఎడంచేతి పాళీ

ముందే చెప్పేస్తున్నా, ఇందులో రెండు పెన్నుల సంగతి ఉంది. ఒకటి నేను కొన్నది, ఇంకోటి నా దగ్గరికి వచ్చింది. కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకి మొదటిదాని కబురే కావాలి. కానీ రెండోది లేకపోతే నేను రాజమండ్రి బస్సు ఎక్కేవాణ్ణే కాదు.

సంక్రాంతి వెళ్లిన పదో రోజున మావాడు పోయాడు. రాత్రి అన్నం తిని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు. ఒకే ఆఫీసులో 22 ఏళ్లు పక్కపక్క కుర్చీలు మావి. చుట్టరికం ఏమీ లేదు, ఊరికే బావా అంటే బావా అనుకునేవాళ్లం. పన్నెండో రోజు భోజనాలయ్యాక చెల్లెమ్మ లోపలికి వెళ్లి ఒక కళ్లజోడు పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇంట్లో ఉంటే రోజూ కళ్లబడుతోంది అన్నయ్యా, మీరు పట్టుకెళ్లండి" అంది. అందులో వాడి నల్ల పెన్ను.

అమలాపురం చుట్టుపక్కల ఊళ్లలో చాలామందికి ఈ పెన్ను తెలుసు. మధ్యాహ్నం క్యారేజీ పది నిమిషాల్లో ముగించేసి వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. వితంతు పింఛనుకి, రేషన్ కార్డులో పేరుకి, పాసుపుస్తకంలో తప్పుకి అర్జీలు రాసిపెట్టేవాడు. బయట రాసేవాళ్లు డబ్బు తీసుకునేవారు, వీడు తీసుకునేవాడు కాదు. దొడ్లో కాసిన ఆనపకాయ తెస్తే మాత్రం పుచ్చుకునేవాడు, వద్దంటే చిన్నబుచ్చుకుంటారని. మన ఆఫీసుకే మనం అర్జీలు రాయడమేంటని పైఆఫీసరు ఒకసారి కేకలేస్తే, మర్నాటి నుంచి గేటు బయట వేపచెట్టు కిందకి మకాం మార్చాడు. అంతే తేడా.

రాశాక చదివి వినిపించేవాడు. ఒక ముసలమ్మ "ఇందులో మా ఆయన పేరు ఎక్కడుంది బాబూ?" అంది. చూపించాడు. ఆవిడ ఆ పేరు మీద వేలు పెట్టింది. ఇంకు ఆరలేదు, పేరంతా అలుక్కుపోయింది. వీడు ఏమీ అనకుండా ఇంకో తెల్లకాగితం తీసి మొత్తం మళ్లీ రాశాడు. పాడైన కాగితాన్ని ఆవిడ అడిగి మరీ తీసుకుని కొంగున ముడేసుకుంది.

వాడిది ఎడమచేతివాటం. రాసిన తడి మీదే చెయ్యి జరిగేది కాబట్టి చిటికెనవేలి కింద అరచేతి అంచు ఎప్పుడూ నీలంగా ఉండేది. ఆఖరిచూపుకి వెళ్లినప్పుడు నేను ముందు చూసింది ఆ అంచునే. ఉంది.

సరే, పెన్ను. ఎబోనైట్ అంటే రబ్బరుకి గంధకం బాగా పట్టించి గట్టిపరిచిన సరుకు. దాని కడ్డీని లేత్ మీద పెట్టి చేత్తో తరుగుతారు. వేలితో గట్టిగా రుద్దితే సన్నగా రబ్బరు వాసన వస్తుంది. ప్లాస్టిక్‌లా చల్లగా తగలదు, కాసేపట్లో చేతి వేడికి వచ్చేస్తుంది. ఎండ తగిలితే నలుపు పోయి గోధుమరంగుకి తిరుగుతుంది. మావాడిది మూత కింద నల్లగా, మిగతాది ముదురు బెల్లం రంగులో ఉంది. ఎవరు చేశారో, చెక్కిన పేరు అరిగిపోయింది.

రాజమండ్రే ఎందుకంటే, ఈ పెన్నులకి అది పుట్టిల్లు. స్వదేశీ కాలంలో అక్కడ రత్నం గారు పెన్ను చేసి పంపితే, విదేశీ పెన్నుల బదులు వాడుకోవచ్చని గాంధీగారు 1935లో జవాబు రాశారు. ఈ కథ మావాడు నాకు కనీసం నలభైసార్లు చెప్పుంటాడు, ప్రతిసారీ కొత్తగా చెప్తున్నట్టే.

పాత పెన్ను నా చేతిలో గీరుతోంది. రావులపాలెం మీదుగా బస్సులో వెళ్లి, ఒక సందులో చిన్న కొట్లో చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇది ఎడంచేతాయన పెన్నండీ. మొన ఆయన వాలుకి అరిగిపోయింది. మీకు పలకదు. పాళీ మార్చేస్తాను, రెండు నిమిషాల పని" అన్నాడు. ఊఁ అనబోయి ఆగిపోయాను. కడిగి ఇస్తే చాలన్నాను. ఆయన నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. కడిగినందుకు డబ్బులూ తీసుకోలేదు. ఊరికే వచ్చేయడం బాగోదని కొత్తది ఒకటి కొన్నాను.

కొత్తదాని గురించి. వెయ్యికి పైనే పడింది, ఆ డబ్బుకి తగ్గ వస్తువే. బండగా, తేలిగ్గా ఉంది, గంట రాసినా వేళ్లు లాగలేదు. రీఫిల్లూ గీఫిల్లూ లేవు, ఫిల్లరుతో ఇంకు నేరుగా గొట్టంలోకే పొయ్యాలి. చాలా ఇంకు పడుతుంది, నాకు పక్షం రోజులు వచ్చింది. చిక్కల్లా సగానికి పైగా అయిపోయాక. లోపల గాలి ఎక్కువై, చేతి వేడికి అది ఉబ్బి, పాళీ దగ్గర బొట్టు కక్కుతుంది. ఇది ఒక్క కొట్టువాళ్ల తప్పు కాదు, ఈ రకం పెన్నులన్నిటి గుణం. అందుకే అడుగంటేదాకా ఉంచకుండా నింపేసుకోవాలి. జేబులో మొన పైకి ఉండేలా పెట్టుకోవాలి. కడగడానికి మామూలు నీళ్లు చాలు, వేడినీళ్లు తగిలితే రంగు పోతుంది. ఓపిక లేనివాళ్లు బాల్‌పెన్ను కొనుక్కోండి, నేనేమీ అనుకోను. నా లెక్కలో అయిదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఒక తెల్లచొక్కాకి తగ్గించాను.

పోయిన వారం చెల్లెమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు నింపాను. పాతదానితోనే మొదలుపెట్టాను. వేళ్ల మధ్య కాస్త పక్కకి తిప్పి, పడుకోబెట్టి రాస్తే పలుకుతోంది గానీ నాలుగు లైన్లకే మణికట్టు లాగేసింది. మిగతాది కొత్తదానితో కానిచ్చాను. సంతకానికి కొత్త పెన్ను ఇవ్వబోతే ఆవిడ పాతదే అందుకుంది. కాగితం మీద బరబరా గీరింది.

"ఆయన రాస్తుంటే ఇంత చప్పుడు వచ్చేది కాదు అన్నయ్యా" అంది.