చౌక కలరిమీటర్ చాలు: కలర్‌మంకీ డిస్‌ప్లేతో నా అనుభవం

సరదాగా ఫొటోలు తీసేవాళ్లు మానిటర్ క్యాలిబ్రేషన్ పరికరం (స్క్రీన్ రంగులనూ వెలుగునూ కొలిచి సరిచేయడానికి వాడే కలరిమీటర్) కొనేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఒకే కంపెనీ అమ్మే చౌక మోడల్‌లోనూ, ఖరీదైన మోడల్‌లోనూ చాలాసార్లు ఉండేది ఒకే సెన్సర్. ఎక్కువ పెట్టే డబ్బు చాలావరకు సాఫ్ట్‌వేర్‌కే. డేటాకలర్ కంపెనీ స్పైడర్ ఎక్స్‌లో ప్రో, ఎలీట్ రకాలు ఇలాంటివే. నేను చాలాకాలంగా వాడుతున్న ఎక్స్-రైట్ కలర్‌మంకీ డిస్‌ప్లే కూడా ఆ కోవలోదే. నిపుణుల కోసం అమ్మిన ఐ1 డిస్‌ప్లే ప్రోకి ఇది తమ్ముడు లాంటిది, కాకపోతే కొలతలు నిదానంగా తీస్తుంది. ఎప్పుడో నెలకోసారి చేసే పనికి ఆ నిదానం ఒక లెక్క కాదు. పరికరాన్ని స్క్రీన్ మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి పని అయిపోతుంది.

దీనికి నేను వాడేది డిస్‌ప్లేక్యాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. లోపల కొలతల పని చేసేది ఆర్గిల్‌సీఎంఎస్. మొదటిసారి తెరిస్తే అన్ని ఆప్షన్లు చూసి టెన్షన్ వస్తుంది గానీ, ఫొటోలకు కావాల్సినవి మూడే: తెలుపు 6500 కెల్విన్ దగ్గర (డీ65 అనే ప్రామాణిక తెలుపు), గామా (నలుపుకూ తెలుపుకూ మధ్య ఛాయలు ఎంత వెలగాలో చెప్పేది) 2.2, వెలుగు చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాలు. మీ మానిటర్ బ్యాక్‌లైట్ ఏ రకమో చూసి దానికి తగ్గ కరెక్షన్ కూడా ఎంచుకోండి. అది వదిలేస్తే ఎంత మంచి సెన్సరైనా తెలుపును తప్పుగా చదువుతుంది.

నా దృష్టిలో ఈ పరికరం చేసే అసలు మేలు రంగుల్లో కాదు, వెలుగులో. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసేసరికే కళ్లు జిగేల్మనేంత వెలుగుతో వస్తాయి. అలాంటి స్క్రీన్ మీద ఫొటో ఎడిట్ చేస్తే మనకు తెలియకుండానే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తాం. తర్వాత ప్రింట్ చీకటిగా వచ్చిందని ల్యాబ్‌ను తిట్టుకుంటాం. వెలుగు 100 దగ్గరికి దించాక మొదట స్క్రీన్ మసకబారినట్టు అనిపించింది. కొన్నాళ్లకు కళ్లు అలవాటుపడ్డాయి, ప్రింట్లలో నీడల్లో వివరాలు కనిపించడం మొదలైంది.

కొలత మొదలుపెట్టే ముందు మానిటర్‌ను ఓ అరగంట వెలగనివ్వాలి. నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి. వైరుకున్న బరువును మానిటర్ వెనక్కి వేలాడదీసి, స్క్రీన్‌ను కొద్దిగా వెనక్కి వాల్చితే సెన్సర్ సందు లేకుండా ఆనుకుంటుంది. సందు ఉంటే గది వెలుతురు లోపలికి చొరబడుతుంది. తర్వాత డిస్‌ప్లేక్యాల్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు చూపిస్తుంది. మానిటర్ మెనూలో వాటి విలువలు ఒక్కో అంకె తగ్గిస్తూ పట్టీలను మధ్యకు తేవాలి. ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. మానిటర్‌లోనే చేయగలిగినంత సరిచేస్తే గ్రాఫిక్స్ కార్డు మీద పడే దిద్దుబాటు తగ్గుతుంది, బూడిదరంగు గ్రేడియంట్లలో చారలు కూడా తక్కువగా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా ఈ మీటలు ఉండవు, బ్రైట్‌నెస్ ఒక్కటే మన చేతిలో ఉంటుంది. అందుకే ల్యాప్‌టాప్ ఫలితాలు నాకెప్పుడూ అంత తృప్తినివ్వలేదు.

ఇది చేయలేని పనులూ ఉన్నాయి. ఎస్ఆర్‌జీబీ (వెబ్ ఫొటోలకు వాడే ప్రామాణిక రంగుల పరిధి)లో సగం రంగులే చూపించే ప్యానెల్‌కు ఏ పరికరమూ మిగతా సగం తెచ్చిపెట్టలేదు. రెండు వేర్వేరు మానిటర్లను పక్కపక్కన పెడితే ఒకే కొలతలు వచ్చినా కంటికి తెలుపు తేడాగానే కనిపిస్తుంది, దాంతో కుస్తీ పట్టడం నేను మానేశాను. కొలతల చివర తయారయ్యే ప్రొఫైల్‌ను (మీ మానిటర్ రంగుల తీరు చెప్పే ఫైల్) లైట్‌రూమ్, ఫొటోషాప్ లాంటివి పట్టించుకుంటాయి, పట్టించుకోని ఫొటో వ్యూయర్లూ ఉన్నాయి. అదే ఫొటో రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే పరికరం చెడిపోయిందనుకోకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనాలంటే సెన్సర్ ముందున్న ఫిల్టర్ల గురించి విచారించండి. గాజు ఫిల్టర్లున్నవి ఏళ్ల తరబడి నిలకడగా ఉంటాయి. మరీ పాత తరం వాటిలో ఫిల్టర్లు తేమకూ వయసుకూ వెలిసిపోతాయి, అవి ఉచితంగా ఇచ్చినా వద్దు. ఎక్స్-రైట్ ఫొటో పరికరాలు 2021 నుంచి క్యాలిబ్రైట్ అనే వేరే కంపెనీ పేరుతో వస్తున్నాయి కాబట్టి కొత్తది కొనేవాళ్లు ఆ పేరుతో వెతకాలి.

ఫొటోలు ఫోన్లలో పంచుకోవడమే తప్ప ప్రింట్ జోలికి పోనివాళ్లు ఇది కొనకపోయినా నష్టం లేదు. ప్రింట్లు అప్పుడప్పుడే వేసే మిత్రులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. డిస్‌ప్లేక్యాల్ వాడితే లైసెన్సు గొడవ లేదు. కంపెనీ సాఫ్ట్‌వేరే వాడాలనుకుంటే ఎన్ని కంప్యూటర్లకు అనుమతి ఉందో ముందే చూసుకోండి.