బీబ్‌యాసమ్, జేఎస్‌బీబ్: నాలుగేళ్లు వాడాక

నేను హైస్కూల్లో ఉండగా, బడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ పథకం కింద మా బడికి 1980ల నాటి బ్రిటిష్ కంప్యూటర్లు, బీబీసీ మైక్రోలు వచ్చాయి. వారానికి ఒక్క పీరియడ్, ఒక్కో దాని ముందు నలుగురం. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేసేవారు. ఆ కోరిక ఇన్నేళ్లకు రెండు సాఫ్ట్‌వేర్లతో తీరింది. బీబ్‌యాసమ్ ఆ మెషీన్ కోసం రాసిన అసెంబ్లీ కోడ్‌ను (ప్రాసెసర్‌కు నేరుగా ఇచ్చే ఆదేశాలను) ప్రోగ్రాంగా మార్చే అసెంబ్లర్. జేఎస్‌బీబ్ ఆ మెషీన్‌నే అనుకరించే ఎమ్యులేటర్.

ఆ మెషీన్‌లో ఉన్నదే 32 కేబీ మెమరీ. అందులో మోడ్ 2 అనే రంగుల డిస్‌ప్లే పెడితే తెరకే 20 కేబీ పోతుంది. ఇక దాని మీదే కూర్చుని పెద్ద అసెంబ్లీ ప్రోగ్రాం రాయాలంటే ఎంత ఇరుకో ఊహించండి. బీబ్‌యాసమ్‌తో ఆ బాధ లేదు. ల్యాప్‌టాప్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా కోడ్ రాసి ఒక్క కమాండ్ ఇస్తే నేరుగా ఎస్‌ఎస్‌డీ డిస్క్ ఇమేజ్, అంటే ఒక వైపు ఫ్లాపీ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా, వస్తుంది. బూట్ ఆప్షన్ కలిపితే డిస్కు పెట్టగానే ప్రోగ్రాంను మొదలుపెట్టే !బూట్ ఫైలు కూడా అదే పెడుతుంది. ఆ ఇమేజ్‌ని బ్రౌజర్‌లో నడిచే జేఎస్‌బీబ్‌లోకి ఎక్కించి, షిఫ్ట్ పట్టుకుని ఎఫ్12 (అక్కడ అదే బ్రేక్ కీ) నొక్కడమే, ప్రోగ్రాం మొదలవుతుంది. కంపైలర్ ఎక్స్‌ప్లోరర్ అనే ప్రోగ్రామర్ల వెబ్‌సైట్ చేసిన మాట్ గాడ్‌బోల్ట్ రాసిన ఎమ్యులేటర్ ఇది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఎస్‌ఎస్‌డీ ఫార్మాటే. హెడర్ లేదు, కంప్రెషన్ లేదు. 80 ట్రాకులు, ట్రాకుకు 10 సెక్టార్లు, సెక్టారుకు 256 బైట్లు, వరసగా అంతే. ఫైలులోని బైట్లను ఉన్నదున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి సెక్టార్లోనే ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. డిస్కుకు 31 ఫైళ్లే ఎందుకని చాలాకాలం అనుకునేవాణ్ణి. 256లో డిస్క్ పేరుకు 8 బైట్లు పోతే 248, ఒక్కో ఫైలుకు 8 చొప్పున సరిగ్గా 31! అది తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

రెండు వైపుల డిస్కుల ఇమేజ్ అయిన డీఎస్‌డీతో జాగ్రత్త. అందులో మొదటి వైపు ట్రాకు ఒకటి, వెంటనే రెండో వైపు ట్రాకు ఒకటి, ఇలా మార్చి మార్చి ఉంటాయి. నేను దాన్ని ఎస్‌ఎస్‌డీ అనుకుని విడదీయబోయి వారం పాటు చెత్త డేటా చూసి టెన్షన్ పడ్డాను. 200 కేబీ కంటే చిన్న ఎస్‌ఎస్‌డీ కనిపిస్తే పాడైందనుకోకండి, చివరి ఖాళీ సెక్టార్లు వదిలేసి ఉంటారు.

లోపాలూ ఉన్నాయి. బీబ్‌యాసమ్‌కు లింకర్ (విడిగా తయారైన కోడ్ ముక్కలను కలిపేది) లేదు, కోడ్ పెరిగేకొద్దీ ఆ లోటు తెలుస్తుంది. కోడ్‌లో తప్పులు వెతికే జేఎస్‌బీబ్ డీబగ్గర్ చిన్న తప్పులకు చాలు, మొండి తప్పులకు నేను బీ2 అనే మరో ఎమ్యులేటర్ తెరుస్తాను. జేఎస్‌బీబ్ కీబోర్డు సెట్టింగ్‌ను నేచురల్‌కు మార్చుకోండి, లేకపోతే డిస్కు కమాండ్లకు ముందు పెట్టే స్టార్ గుర్తు కోసం వెతుక్కోవాలి.

అసెంబ్లీ కొత్తయితే ఇవేవీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ఆ మెషీన్‌తోనే వచ్చే బీబీసీ బేసిక్ భాషలోనే అసెంబ్లర్ ఉంది. జేఎస్‌బీబ్ తెరిచి, చదరపు బ్రాకెట్ల మధ్య నాలుగు లైన్లు రాసి చూడండి.