ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయిందా? ప్లగ్గు పీకి చూడడం, స్ప్రే కొట్టడం, మల్టీమీటర్, స్కానర్: ఏది మేలు?

పికప్ తగ్గి, ఐడ్లింగ్‌లో ఇంజన్ వణుకుతూ, చెక్ ఇంజన్ లైటు వెలిగితే చాలు, ఎవరో ఒకరు ‘ఎయిర్ ఫ్లో సెన్సర్ పోయింది, మార్చేయండి’ అని తేల్చేస్తారు. ఇంజన్‌లోకి ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సర్ అది. పోయి ఉండవచ్చు. కానీ గాలి గొట్టం చిరిగినా, ఇంధన పంపు నీరసించినా ఇవే లక్షణాలు. బండి కంప్యూటర్ నమోదు చేసే లోపాల్లో పి0101 అనే కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ దోషి అని కాదు. గాలి లెక్క కుదరడం లేదని మాత్రమే దాని అర్థం.

అసలు మీ బండికి ఈ సెన్సర్ ఉందో లేదో ముందు చూసుకోండి. చాలా చిన్న పెట్రోల్ ఇంజన్లు, లోపలికి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్‌తోనే నడుస్తాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటాక గొట్టంలో రెండే వైర్లున్న బుడిపె కనిపిస్తే అది గాలి ఉష్ణోగ్రత చూసేది, మనం వెతికేది కాదు.

ప్లగ్గు పీకి చూడడం అందరికీ తెలిసిన చిట్కా, పైసా ఖర్చు లేనిది. ఇగ్నిషన్ ఆపి సెన్సర్ వైర్ల కనెక్టర్ తీసి స్టార్ట్ చేస్తే, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) సెన్సర్ మాటను పక్కనపెట్టి తన దగ్గరున్న అంచనాలతో ఇంధనం పోస్తుంది. ఆగిపోతున్న ఇంజన్ అప్పుడు చక్కగా నడిస్తే సెన్సర్‌ను అనుమానించవచ్చు. అనుమానించడం వరకే. సెన్సర్ తర్వాత గొట్టం చిరిగి, లెక్కకు రాని గాలి లోపలికి వెళ్తున్నప్పుడు కూడా ప్రెషర్ సెన్సర్ ఉన్న బండి ప్లగ్గు పీకగానే బాగుపడినట్టు కనిపిస్తుంది. ప్రెషర్ సెన్సర్ ఆ దొంగ గాలిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది మరి. ఈ ఒక్క పొరపాటుతో మంచి సెన్సర్లు చెత్తబుట్ట చేరుతుంటాయి. పైగా ప్లగ్గు పీకినందుకు కొత్త కోడ్ ఒకటి నమోదవుతుంది, దాన్ని చెరిపేయడం మరవకండి.

మల్టీమీటర్ పనికొచ్చేది సెన్సర్ పూర్తిగా మూగబోయినప్పుడు. సెన్సర్ సిగ్నల్ మరీ తక్కువ లేదా మరీ ఎక్కువ అని చెప్పే పి0102 లేదా పి0103 వస్తే కనెక్టర్‌లో 12 వోల్టుల సరఫరా ఉందా, ఎర్త్ సరిగా ఉందా అని చూడడానికి అంతకన్నా మంచి సాధనం లేదు. చాలాసార్లు తుప్పు పట్టిన పిన్నో తెగిన వైరో బయటపడుతుంది. కానీ మురికి పట్టి తక్కువ చెబుతున్న సెన్సర్‌ను అది పట్టుకోవడం కష్టం. యాక్సిలరేటర్ నొక్కితే వోల్టేజీ పెరుగుతూనే ఉంటుంది, పెరగాల్సినంత పెరిగిందో లేదో మీటర్‌కేం తెలుసు? కొన్ని సెన్సర్లయితే వోల్టేజీకి బదులు ఫ్రీక్వెన్సీ ఇస్తాయి.

పెట్రోల్ బండికి నా ఓటు ఈసీయూలోని కోడ్లు, అంకెలు చదివే స్కానర్‌కే. కోడ్ చదివి ఊరుకుంటే లాభం లేదు, ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఇంధనాన్ని ఈసీయూ ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఐడ్లింగ్‌లో +20 ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర +4కు దిగిందనుకోండి. అది గాలి లీకు. తక్కువ గాలి పీల్చేటప్పుడు లీకు వాటా పెద్దది, ఎక్కువ పీల్చేటప్పుడు అదే లీకు లెక్కకు ఆనదు. దీనికి తిరగబడి ఐడ్లింగ్‌లో +2, 2500 దగ్గర +12, ఎత్తు ఎక్కేటప్పుడు +20 అయితే సెన్సర్ గాలిని తక్కువ చెబుతూ ఉండాలి, లేదా పంపు ఇంధనం చాలినంత అందించలేకపోతూ ఉండాలి.

ఈ రెంటినీ విడదీసేది సెకనుకు ఎన్ని గ్రాముల గాలి అనే అంకె. టర్బో లేని 2 లీటర్ల ఇంజన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో సుమారు 2 నుంచి 4 గ్రాములు చూపుతుంది. ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ఇంజన్‌ను గరిష్ఠ వేగం దాకా తీసుకెళ్తే, లీటరుకు 40 చొప్పున 80 దరిదాపుల్లోకి రావాలి. అక్కడ 80 వచ్చి, ట్రిమ్ మాత్రం మామూలు లోడ్‌లో ఎక్కువగా ఉంటే పంపునో ఫ్యూయల్ ఫిల్టర్‌నో చూడండి. 55 దగ్గరే ఆగిపోయి ట్రిమ్ +20 ఉంటే దోషం సెన్సర్‌దే. 55 దగ్గర ఆగినా ట్రిమ్ సున్నా చుట్టూ ఉంటే మాత్రం సెన్సర్ నిజమే చెబుతోంది, గాలే రావడం లేదు. ఎయిర్ ఫిల్టరో, పొగ గొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరో పూడుకుపోయి ఉంటుంది. ఈ మూడో సంగతి ప్లగ్గు పీకితే బయటపడేది కాదు.

డీజిల్‌కు ఈ ట్రిమ్ లెక్క వర్తించదు. అక్కడ ఈసీయూ కోరిన గాలి, వచ్చిన గాలి అనే రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి, పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు సంగతి కూడా తేల్చుకోవాలి.

స్ప్రే కొట్టి శుభ్రం చేయడం మంచిదే, ఆ పనికోసమే తయారైన స్ప్రే అయితే. కార్బ్యురేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ ముట్టవద్దు. సెన్సర్ లోపలి సన్నని తీగను దూదితో కూడా తాకకూడదు, పూర్తిగా ఆరాకే బిగించాలి. అయితే స్ప్రేకు ముందు పై అంకెలన్నీ రాసిపెట్టుకోండి, లేకపోతే మారింది ఏమిటో చెప్పడానికి ఆధారం ఉండదు.

నేరుగా కొత్తది కొనడం అన్నిటికన్నా నాసి దారి. నాసిరకం నకలు సెన్సర్ డబ్బాలోంచి తీసిన రోజే తప్పు లెక్క చెప్పవచ్చు. అదే పార్ట్ నంబరున్న, బాగా నడుస్తున్న బండి సెన్సర్‌ను కాసేపు పెట్టి చూసే వీలుంటే వదులుకోకండి. మార్చినా, శుభ్రం చేసినా, ఈసీయూ గుర్తుపెట్టుకున్న పాత లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను చెరిపి కొంత దూరం నడిపాకే అంకెలు మళ్లీ చూడండి. ఈసీయూ పాత అలవాటు వెంటనే వదలదు.