గణాంక నిపుణుణ్ణి కలవడం: మొదట్లోనా, చివర్లోనా?

విశాఖలో పీజీ థీసిస్ మొదలుపెట్టే వైద్యులకు జీవగణాంక నిపుణుణ్ణి ఎప్పుడు కలవాలన్నది పాత సందేహమే.

శ్రమ: ముందే కలిస్తే ప్రోటోకాల్ (అధ్యయన ప్రణాళిక) రాసే దశలో రెండు మూడు సమావేశాలు పడతాయి. చివర్లో కలిస్తే ఆ సమయం మిగిలినట్టే ఉంటుంది గానీ, ఎక్సెల్ షీట్లు సరిదిద్దుకోవడానికే అది చాలదు.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. ఒక చికిత్సతో సమస్య 30 శాతం నుంచి 20 శాతానికి తగ్గుతుందని, 5 శాతం ప్రాముఖ్యత స్థాయిలో (లేని తేడాను ఉందనుకునే అవకాశం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) తేల్చాలంటే ఒక్కో వర్గానికి దాదాపు 290 మంది రోగులు కావాలి. అరవై మందితో ముగించాక ఈ లెక్క తెలిస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఆదుకోదు. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను సంప్రదించడాన్ని ప్రసిద్ధ గణాంకవేత్త ఫిషర్ 1938లో కలకత్తా సభలో శవపరీక్షతో పోల్చింది ఇందుకే.

ఏది ఎవరికి: విశాఖలోని జాలారిపేటలో కమ్యూనిటీ మెడిసిన్, కార్డియాలజీ విభాగాలు కలిసి రక్తపోటు సర్వే చేయదలిస్తే మొదటి పద్ధతే తగును, ఎందుకంటే ఒకే ఇంటివారి కొలతలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయన్న సంగతి నమూనా పరిమాణంలోనే లెక్కకు రావాలి. పాత కేస్ షీట్లతో చేసే చిన్న వర్ణనాత్మక అధ్యయనానికైతే చివర్లో కలిసినా పెద్ద నష్టం లేదు.